బల్లకు పెట్టిన చలిమిడి

మోకాలి ఎక్స్‌రే కోసం మొన్న ఖమ్మంలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్‌లో నా వంతు వచ్చేదాకా కూర్చోవలసి వచ్చింది. నా ముందు ఒక కుర్రజంట ఉన్నారు. కౌంటర్లోని అమ్మాయి ఆ పిల్లవైపు చూసి ఏమిటమ్మా ఇబ్బంది అని అడిగిందో లేదో, పక్కనున్న మొగుడు అందుకుని, కడుపులో నొప్పి మేడం, ఎడమపక్కన, తిన్నాక ఎక్కువవుతుంది, నిన్నటికన్నా ఇవ్వాళ నయం అంటూ పాఠం అప్పజెప్పినట్టు అప్పజెబుతున్నాడు. నిన్నటికన్నా నయమని అతనికెలా తెలుసు? నొప్పేమన్నా ఉమ్మడి ఆస్తా? నాకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు.

"నొప్పి నీకా నాయనా, ఆ పిల్లకా?" అన్నాను.

"ఆమెకే ఆంటీ."

"మరి ఆమెకు నోరుంది గదా, చెప్పనియ్యి."

హాల్లో ఉన్నవాళ్లందరూ నావైపు తిరిగారు. మావారు చేతిలోని పేపరు ఇంకాస్త పైకెత్తి ముఖం దాచుకున్నారు, ఆయనకిది కొత్త కాదు. ఆ అబ్బాయి మాత్రం నొచ్చుకున్నాడు పాపం. నీళ్ల సీసా తానే మోస్తూ, ఫ్యాను గాలి తగిలే కుర్చీ వెతికి భార్యను కూర్చోబెట్టినవాడు, చెడ్డవాడని నేననను. చెడ్డవాళ్లతో నాకెప్పుడూ పెద్ద ఇబ్బంది లేదు, నాలుగు మాటలంటే సరిపోతుంది. ప్రేమగా చూసుకుంటూనే, ఆడదాని ఒంట్లో ఏముందో ఆ ఆడదాన్ని అడక్కుండా తేల్చేసేవాళ్లతోనే నా పోరంతా. ఆ పోరు మా అక్క దగ్గర మొదలైంది, ఎనభైల చివర్లో, నేనింకా కాలేజీలో చదువుతున్నప్పుడు. నా ఈడువాళ్లకు ఇలాంటి కథ ఇంటికొకటి తెలిసే ఉంటుంది, కాకపోతే ఎవరూ బయటికి చెప్పరు. నేను చెబుతాను.

మాది బోనకల్లు పక్క పల్లె. నాన్నకు వ్యవసాయం. అక్క పదో తరగతితో ఆగిపోతే నేను ఖమ్మంలో హాస్టల్లో ఉండి బీయస్సీ చదువుతుండేదాన్ని. అక్కను పాల్వంచ అవతల, భద్రాచలం అడవి మొదలయ్యే చోట ఒక ఊరికి ఇచ్చారు. మావైపు నుంచే రెండు తరాల కింద వెళ్లి, పొదలు కొట్టి, మిరప, పత్తి వేసుకుని స్థిరపడ్డ కుటుంబం. బావ ఒక్కడే కొడుకు. మామగారు లేరు. ఇల్లంతా అత్తమ్మ చేతిమీద నడిచేది. అక్క అత్తగారిని మేమంతా అత్తమ్మ అనే పిలిచేవాళ్లం. గట్టి మనిషి, చెయ్యి పెద్దది, ఎవరొచ్చినా ముందు అన్నం పెట్టి తర్వాత ఊరు అడిగేది.

మావైపు జ్వరమంటే వానాకాలంలో వచ్చి పోయే చుట్టం. అక్కడ అలా కాదు. చలిజ్వరం ఆ ఊళ్లో కాపురమే ఉండేది. ఒకరోజు పళ్లు టకటకలాడించి, దుప్పట్లమీద దుప్పట్లు కప్పించి, సాయంత్రానికి చెమటలు పట్టించి వదిలేసి, మర్నాడు ఏమీ ఎరగనట్టు ఊరుకుని, ఆ మర్నాడు మళ్లీ అదే వేళకు తలుపు తట్టేది. అక్కడి పిల్లలకు చేతులూ కాళ్లూ పుల్లల్లా ఉండి పొట్టలు మాత్రం ముందుకు పొడుచుకుని ఉండేవి. దాన్ని బల్ల అనేవాళ్లు. ఎడమ డొక్క కింద పలక పెట్టినట్టు గట్టిగా తగులుతుంది కాబట్టి ఆ పేరు. అది కరగాలని డొక్కమీద కాల్చి వాతలు పెట్టించుకోని పిల్లవాడు ఆ ఊళ్లో అరుదు. చొక్కా లేకుండా ఆడుకునే పిల్లల పొట్టలమీద ఆ మచ్చలు చూస్తే నాకు ఒళ్లు మండేది. అత్తమ్మకు బల్ల సంగతి కొట్టిన పిండి. వీధి అవతల నడిచిపోయే పిల్లవాణ్ణి అరుగుమీద నుంచే చూసి, వాడికి బల్ల కట్టింది, తల్లికి చెప్పుండ్రి అనేది. అంత తెలిసిన మనిషి. పక్కింటి పిల్లవాడి పొట్ట పెరిగితే బల్ల అని చూడకుండానే చెప్పగలిగిన మనిషికి సొంత కోడలి పొట్ట పెరిగితే మాత్రం మనుమడు తప్ప ఇంకేమీ తోచలేదు.

తప్పు ఆమెది ఒక్కదానిదే అనడానికి లేదు. పెళ్లయిన కొద్ది నెలలకే అక్కకు నెల తప్పింది. తర్వాతి నెలా లేదు. తిండి సయించలేదు, కళ్లు తిరిగాయి, మెట్టెక్కితే ఆయాసం వచ్చింది, పొట్ట ఎత్తుగా కనపడసాగింది. ఇంకేం కావాలి? అమ్మ ఆనందానికి హద్దులేదు. ఐదో నెలని లెక్కగట్టి, బియ్యం నానబోసి దంచి, బెల్లప్పాకం పట్టి, ఇంత పెద్ద ముద్ద చలిమిడి చేసి, బోనకల్లు నుంచి రైలూ బస్సూ మారి మోసుకెళ్లింది. కడుపు చల్లగా ఉండాలని కూతురి ఒడిలో చలిమిడి పెట్టడం మా ఇళ్లల్లో తల్లి చేతిమీదుగా జరగాల్సిన వేడుక. నేను హాస్టల్ నుంచి నేరుగా వెళ్లాను. గాజులు తొడిగారు, గంధం రాశారు, పాటలు పాడారు. పచ్చచీరలో అక్క పసుపు ముద్దలా ఉందని అందరూ మురిసిపోయారు. ఆ పసుపు ఒంటికి రాసింది కాదనీ, ఒంట్లో నెత్తురు లేక తేలిన రంగనీ ఆ పందిట్లో ఒక్కరికీ తట్టలేదు.

నీకు తట్టలేదా, బీయస్సీ కదా అని మీరడగవచ్చు. అత్తమ్మ తర్వాత ఏళ్ల తరబడి అదే అడిగింది, కప్ప కడుపుల అంత చక్కగ కనపడ్డది అక్క కడుపుల కనపడలేదా పిల్లా అని. కనపడకేం, చూడనిస్తే కనపడేది. మా కాలేజీలో మైనపు పళ్లెంలో కప్పను వెల్లకిలా గుండుసూదులతో గుచ్చి, కాలేయం ఇదీ, క్లోమం ఇదీ, ఇదిగో ఈ చిన్న ఎర్రగింజ ప్లీహం అని చూపించడం నేర్పారు. మలేరియా పురుగు దోమ కడుపులో ఏమేం వేషాలు వేస్తుందో, మనిషి నెత్తుటి కణంలో ఉంగరంలా ఎలా కూర్చుంటుందో, రికార్డులో రంగు పెన్సిళ్లతో బొమ్మలు గీయించి మార్కులు వేశారు. దోమ కడుపు గురించి అంత శ్రద్ధ చూపించినవాళ్లు, ఆ పురుగు చేరిన ఆడమనిషి కడుపు ఎలా ఉంటుందో ఒక్క ముక్క చెప్పలేదు. ఒంటి భాగాలకు తెలుగులో ఒక పేరూ ఇంగ్లీషులో ఒక పేరూ బట్టీ పట్టాం. ఆ రెండు పేర్లలో ఒక్కటీ మా అక్క నోటికి తెలియదు. ఆమెకు గుండెల దగ్గర్నుంచి తొడల దాకా ఉన్నదంతా కడుపే. ఇక ముట్టుకుని చూడటమంటారా, కడుపుతో ఉన్న పిల్లను పెళ్లికాని ఆడపిల్ల తడమకూడదని అప్పుడే ఎవరో ఒక రూలు కనిపెట్టారు.

ఆ ఊరికి మలేరియా వర్కరు సైకిలుమీద వచ్చేవాడు. ఇంటింటికీ తిరిగి జ్వరమొచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగి, ఉంటే వేలికి సూదితో పొడిచి, ఒక చుక్క నెత్తురు గాజుపలక మీద పూసుకుని, చేదు బిళ్లలు చేతిలో పెట్టి వెళ్లడం అతని పని. చలిమిడి పెట్టిన మర్నాడు నేనక్కడ ఉండగానే వచ్చాడు. అక్క ముందురోజు రాత్రంతా వణికింది. వేడుకలో అలసిపోయిందని అన్నారు. అతను వాకిట్లో నిలబడి అడగ్గానే నేను, అవును, మా అక్కకు జ్వరం, రక్తం తీసుకోండి అన్నాను. అత్తమ్మ లోపల్నుంచి చీపురు చేతపట్టుకుని వచ్చింది.

"ఏంది నువ్ తీసేది? రెండు ప్రాణాల మనిషి అది. దాని నెత్తురు దానిది గాదు, లోపలున్నోడిది. ఒక్క బొట్టు పోతె వాడికి తక్కువైతది. ఆ బిళ్లలు ఇంకా వేడి, కడుపు నిలుస్తదా?"

"ఒక్క చుక్కే అత్తమ్మా, దోమ తాగినంత కూడా కాదు," అన్నాను.

"దోమకు చెప్పి తాగనిస్తున్ననా నేను? నువ్ గమ్మునుండు. పెండ్లయి, కడుపయినంక నాకు చెప్దువుగాని."

అతను సైకిలెక్కి పోయాడు. కడుపుతో ఉన్నదాని ఒంట్లోంచి నెత్తురు బొట్టు బయటికి పోనివ్వకూడదన్నది ఆ ఇళ్లల్లో పట్టింపు. గుమ్మంలో కాలివేలు కొట్టుకుని నెత్తురొస్తే కూడా అపశకునంలా చూసేవాళ్లు. నెత్తురంతా లోపల్లోపలే హరించుకుపోతుంటే మాత్రం కోడిగుడ్డు పెట్టి, పాలు తాగించి, దిష్టి తీశారు. అంత ప్రేమగా ఒక మనిషిని చావుకు దగ్గర చేయడం నేనింకెక్కడా చూడలేదు. అత్తమ్మ రాక్షసి అయి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆమె తన కంచంలో గుడ్డు తీసి కోడలి కంచంలో వేసే మనిషి, నా కోపం ఎటు పోవాలో తెలియక ఇన్నేళ్లూ నాలోనే తిరిగింది.

సరే, డాక్టరుకు చూపించలేదా అంటే, చూపించారు. దగ్గర్లోని బస్తీలో ఒక ప్రైవేటు డాక్టరుండేవాడు. నేనూ వెంట వెళ్లాను. ఆయన టేబులుకు ఇవతల అత్తమ్మ నిలబడింది, నేను పక్కన. అక్కేమో ఆ గది మూలనున్న బెంచీమీద తలమీద కొంగు కప్పుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఆయన ఎన్నో నెల అని అడిగాడు. ఐదు నిండినయ్ సారూ అని అత్తమ్మ. ఆకలి ఎట్లుంది? బాగలేదు సారూ. నిద్ర? పడ్తది సారూ. నిద్ర పట్టడం లేదని అక్క నాతో పొద్దునే చెప్పింది. ఆ మాట నేను అన్నాను. ఆయన వినిపించుకోకుండా ఎర్రటి టానిక్కు రాస్తున్నాడు. కనురెప్ప కిందికి లాగి చూడలేదు, నాలుక చాపమనలేదు, నాడి పట్టలేదు. మెడలో స్టెతస్కోపు వేళ్లాడుతూనే ఉంది, మంగళసూత్రంలాగా.

"ఒకసారి పడుకోబెట్టి చూడరా సార్?" అన్నాను.

"నువ్వెవరమ్మా?"

"చెల్లెల్ని. బీయస్సీ చదువుతున్నా."

"మంచిది. ఐతే పోయి చదువుకో."

బయటికొచ్చాక అత్తమ్మ నన్ను దులిపేసింది, మొగడాక్టరు ఆడపిల్ల కడుపుమీద చెయ్యేస్తడా, సిగ్గుందా నీకు, ఈ సదువులు గిట్లనే నేర్పుతయా అని. డాక్టరుకు ముట్టుకోవడం సిగ్గు, అత్తకు ముట్టుకోనివ్వడం సిగ్గు, అక్కకు నోరు తెరవడం సిగ్గు. ఇందరి సిగ్గూ కలిసి అక్క ఎడమ డొక్క కింద పెరుగుతోంది.

ఆ సాయంత్రం అక్క ఒక మాట చెప్పింది. ఇద్దరం పెరట్లో మిరపకాయల తొడిమలు తీస్తున్నాం. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నా చెవి దగ్గర నోరుపెట్టి చెప్పింది. అంత సంతోషంగా నేనామెను పెళ్లిరోజు కూడా చూడలేదు.

"చెల్లె, లోపల కదుల్తున్నడే. నేను గట్టిగ ఊపిరి తీసుకుంటే కిందికి దిగుతడు, వదిలితే పైకి పోతడు. నా ఊపిరితోనే ఆడుకుంటున్నడు."

దసరా సెలవులకు మళ్లీ వెళ్లేసరికి అక్క మెడకింద ఎముకలు లెక్కపెట్టేటట్టున్నాయి. పొట్ట మాత్రం బొడ్డు దాటింది. వెళ్లిన మర్నాడే, నీళ్ల బిందె ఎత్తబోయి బోరింగు దగ్గర అలాగే కూలబడిపోయింది. బావ పొరుగూరు పోయాడు. అప్పుడే వచ్చిన భద్రాచలం బస్సును చెయ్యెత్తి ఆపి నేను అక్కను ఎక్కించాను. ఎవర్నడిగి తీస్కపోతున్నవని అరుస్తూ అత్తమ్మ కూడా ఎక్కింది. దారిపొడుగునా నన్ను తిట్టింది, అక్క తలను మాత్రం తన ఒళ్లోనే పెట్టుకుంది. గోదావరి వంతెన దాటాక ఒక పెద్దాసుపత్రి ఉంది, అందులో ఆడడాక్టరుందని హాస్టల్లో మా రూమ్మేటు చెప్పింది నాకు గుర్తు.

ఆ డాక్టరమ్మది కోస్తా వైపు. నడివయసు, పలకరింపుగా నవ్వే అలవాటు లేదు. ఆమెకొక పద్ధతి ఉండేది. జబ్బు మనిషి తప్ప ఇంకెవరు నోరు తెరిచినా చూపుడు వేలితో బయట బెంచీ చూపించేది. అత్తమ్మ ఐదు దాటి ఆరు నడుస్తున్నయ్ అనగానే ఆ వేలు లేచింది. కోడల్ని ఒంటరిగా వదిలిపెట్టనని అత్తమ్మ, సరే అయితే నోరు మూసుకుని ఆ గోడ దగ్గర నిలబడండని డాక్టరమ్మ. అంతమాట అత్తమ్మను అనగలిగిన మనిషిని నేను మొదటిసారి చూశాను. నేను కూడా ఏదో మాట అందించబోతే నాకూ అదే గోడ చూపించింది, నాకు కోపమొచ్చింది గాని ఒప్పుకున్నాను.

"నువ్వు చెప్పమ్మా. ఎక్కడ బరువుగా ఉంది? ఒక్క వేలితో చూపించు."

అక్క అత్తమ్మవైపు చూసింది.

"అటు కాదు. ఇటు చూడు. ఒళ్లు నీది."

అక్క వేలు నెమ్మదిగా లేచి ఎడమ పక్కటెముకల కింద ఆగింది. అక్కణ్ణుంచి డాక్టరమ్మ ఒక్కొక్క మాటే లాగింది. వణుకు ఎప్పుడొస్తుంది, రోజు విడిచి రోజేనా, చెమట పడుతుందా, పెళ్లికి ముందు నెల సరిగ్గా వచ్చేదా. అక్క చెబుతూనే ఉంది. మాటలు తడుముకోవడం పోయి వరసగా రాసాగాయి. అన్నీ అక్కకు తెలుసు. ఎవరూ అడగలేదు.

తర్వాత పడుకోబెట్టి, మోకాళ్లు మడవమంది. కనురెప్ప కిందికి లాగితే లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. గోళ్లు చూసింది, నాలుక చూసింది. అరచేయి పొట్టమీద పెట్టి, కుడివైపు కింద నుంచి మొదలుపెట్టి ఎడమ పక్కటెముకల వైపు ఏటవాలుగా, అక్క ఊపిరి తీసినప్పుడల్లా కొంచెం కొంచెం జరిపింది. ఒకచోట వేళ్లు ఆగాయి. ఎడమచెయ్యి పొట్టమీద పరిచి దాని మధ్యవేలిమీద కుడిచేతి వేలితో టకటకా కొట్టి విన్నది. నిండిన గాబు మీద కొట్టినట్టు మొద్దుగా పలికింది. అదే బొడ్డు కింద కొడితే ఖాళీ డబ్బాలాగా మోగింది. కడుపులో బిడ్డ గుండె వినే చెక్క గొట్టం ఒకటి అక్కడ ఆనించి, చెవి పెట్టి, చాలాసేపు కళ్లు మూసుకుని విన్నది. గోడ దగ్గర అత్తమ్మ పెదవులు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుంటోందో. తర్వాత తెర లాగి లోపల కూడా పరీక్ష చేసి, చేతులు కడుక్కుని వచ్చి చెప్పింది. గర్భసంచి బొడ్డుకు చాలా కింద, లోతున, మామూలుగా ఉంది. బిడ్డ పెరిగితే పొట్ట కిందనుంచి పైకి లేస్తుంది, ఇది పైనుంచి కిందికి దిగింది. ఇది ప్లీహం. మీరు బల్ల అనేది ఇదే. ఒంట్లో రక్తం లేక నెలసరి ఆగిపోయింది.

అత్తమ్మ ఒక్కసారి పేలింది.

"బల్లనా? ఊళ్లె ఎందరి పోరగాండ్లకు నేను బల్ల చెప్పిన, నాకు దెల్వదా బల్లంటె? మా వియ్యపురాలు చలిమిడి గూడ పెట్టిపాయె. ఈమెకు కండ్లు మండుతున్నయ్. లెవ్ బిడ్డా, బస్సు పోతది."

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. ఈ స్థితిలో తీసుకెళితే ఇంకొక్క జ్వరానికి తట్టుకోదనీ, బస్సు కుదుపుకి పొట్టకు గట్టి దెబ్బ తగిలితే ఆ ప్లీహం పగిలి అక్కడికక్కడే పోవచ్చనీ, రక్తం పరీక్ష చేసి మందు మొదలుపెట్టి రక్తం ఎక్కించాలనీ చెప్పింది. అత్తమ్మ అక్క రెక్క పట్టుకుంది. నేను ఇంకో రెక్క పట్టుకున్నాను. మా ఇద్దరి మధ్య అక్క, నెత్తురులేని ముఖంతో, మమ్మల్ని కాదు, డాక్టరమ్మనే చూస్తూ అడిగింది.

"కదుల్తది గదమ్మా. నేను ఊపిరి తీస్తే కదుల్తది. నాకు ఎరుకే."

ఆ డాక్టరమ్మ ముఖంలో అప్పటిదాకా లేని మెత్తదనం అప్పుడు చూశాను. స్టూలు జరుపుకుని కూర్చుని, అక్క కుడిచేతిని తన చేత్తో తీసుకుని, వేళ్లను ఆ గట్టి అంచుమీద పెట్టింది. ఊపిరి తీయమంది. కదిలింది. వదలమంది. కదిలింది. ఇప్పుడు బిగపట్టమంది. అక్క బిగపట్టింది. గదిలో ఎవరూ కదల్లేదు. పొట్టలోనూ ఏదీ కదల్లేదు. ఊపిరితిత్తుల కింద ఉదరవితానమని ఒక పొర ఉంటుందమ్మా, అది దిగితే దాని కిందున్న ప్లీహం దిగుతుంది, బిడ్డయితే నువ్వు ఊపిరి బిగపట్టినా తన్నేది అని డాక్టరమ్మ చెబుతోంది. ఉదరవితానమనే మాటను నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. అది ఇంత బరువైన మాటని ఆ గదిలోనే తెలిసింది.

అక్క ఊపిరి వదిలింది. చెయ్యి తీసుకుంది. కొంగు సర్దుకుని, అత్తమ్మ చేతిలోంచి తన రెక్క విడిపించుకుని, గొంతు పెంచకుండా అంది.

"అత్తమ్మా, నువ్ బస్సెక్కు. నేనుంట."

పెళ్లయ్యాక అక్క తన ఒంటి గురించి తానే తేల్చుకుని చెప్పిన మొదటి మాట అది. అత్తమ్మ గోడవారగా కింద కూర్చుండిపోయింది. బస్సెక్కలేదు. మర్నాడు బావ వచ్చేదాకా అక్కడే, ఆ వరండాలోనే ఉంది.

వేలికి సూది పొడిచి తీసిన ఆ చుక్క నెత్తురుకు రంగువేసి మైక్రోస్కోపు కింద చూస్తే నిండా పురుగులే. నన్నూ చూడనిచ్చారు. నేను రికార్డులో గీసిన ఉంగరాలే, ఊదారంగులో, అక్క నెత్తుట్లో. ఇక బావ సంగతి. మర్నాడు పరుగెత్తుకొచ్చి డాక్టరమ్మను అడిగిన మొదటి మాట, పిల్లలు పుడతరా మేడం అని. నా అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్లాం బతుకుతుందా అన్నది రెండో మాట. అయినా రక్తం ఇచ్చింది బావే. సూదంటే భయపడే మనిషి, ముఖం అటు తిప్పుకుని, పళ్లు బిగించి ఇచ్చాడు. ఆయన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. అందుకే ఒక పండక్కి తిడతాను, ఒక పండక్కి వడ్డిస్తాను.

మందులకు జ్వరం ఆగింది. ఆ తర్వాత ప్రతిసారీ డాక్టరమ్మ చెయ్యిపెట్టి చూసి, ఇదిగో ఇంత తగ్గింది, ఇంకింత తగ్గింది అనేది. మేము సంతోషించేవాళ్లం. ఒకరోజు, ఇక చేతికి అందడం లేదమ్మా, పక్కటెముకల కిందికి పోయింది, మామూలయిపోయావు అంది. అందరం దండాలు పెట్టాం. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీవైపు తిరిగి అక్క ఏడ్చింది. రోగం తగ్గితె ఏడుస్తరా ఎవరన్న అని అత్తమ్మ ఆశ్చర్యపోయింది. తర్వాత ఆ సంగతి విని అమ్మ కూడా అదే అంది. చలిమిడి పెట్టించుకుని, గాజులు తొడిగించుకుని, లోపలివాడితో ఊపిరాట ఆడుకుని, చివరికి వాడు ఎన్నడూ లేడని తెలుసుకున్నదానికి ఏడవడానికి హక్కు లేదట. పోవడానికి ఎవరైనా ఉంటేగా అన్నారు. తర్వాత అక్కకు ఇద్దరు పిల్లలు పుట్టారు, వాళ్లకు పిల్లలున్నారు. బల్లకు చలిమిడి పెట్టిన కథను ఇప్పటికీ మా వైపు పెళ్లిళ్లలో నవ్వులాటగా చెప్పుకుంటారు. నా ముందు మాత్రం చెప్పరు. ఒకసారి చెప్పినాయనకు నేనేం జవాబిచ్చానో అందరికీ గుర్తుంది.

పోయిన నెల మా తమ్ముడి కూతురికి సత్తుపల్లిలో సీమంతం చేశారు. అక్కను ముందు గంధం రాయమని ఎందరు పిలిచినా ఆమె వంటింట్లోనే ఉండిపోయింది. సీమంతాల్లో ఆమె ఎప్పుడూ అంతే, పని ఉందంటుంది. జనం పలచబడ్డాక, పిల్ల ఒక్కతే గదిలో నడుం వాల్చినప్పుడు వెళ్లి పక్కన నిలబడింది. మేనకోడలు సంబరంగా ఫోను తీసి స్కానింగ్ వీడియో చూపించింది. నేను గుమ్మంలో ఉన్నాను.

"డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసిందా బిడ్డా?" అని అక్క అడిగింది.

"చెయ్యెందుకు పెద్దత్తా? గుండె కొట్టుకునేది గూడ ఇందులో కనపడుతుంది గదా."

"అవ్, కనపడుతున్నది. చెయ్యి పెట్టి చూసిందా? నీకు ఎట్లుందో అడిగిందా?"

మేనకోడలు నవ్వి, పెద్దత్తకు నువ్వన్నా చెప్పు అన్నట్టు నావైపు చూసింది. ఈ యంత్రం చేతికన్నా ఎక్కువ చూస్తుంది. ఆనాడు ఇది ఆ ఊళ్లో ఉంటే అక్కకు ఆ చలిమిడీ ఉండేది కాదు, ఆ ఏడుపూ ఉండేది కాదు. పాతరోజులే బాగుండేవని పాడే రకాన్ని కాదు నేను. ఆ వాతల మచ్చలు చూసినవాళ్లెవరూ ఆ పాట పాడరు. ఇప్పుడు ప్లీహం, కాలేయం, అన్నిటికీ ఇంగ్లీషు పేర్లు బస్సులో పక్కసీటు మనిషి కూడా చెబుతున్నాడు. కానీ మిగతావాళ్లందరికీ గోడ చూపించి, ఇటు చూడు, ఒళ్లు నీది అని ఒక్క ఆడపిల్లతో అనే గొంతు కోసం ఇప్పుడు ఏ బస్సెక్కి ఏ ఊరు వెళ్లాలో నాకు తెలియదు. ఆ రోజుల్లో నాకు కనీసం ఒక వంతెన దాటితే దొరికింది.

గదిలో మేనకోడలి నవ్వు కాస్త తగ్గింది. ఫోను దిండు కింద పెట్టింది. పైకప్పువైపు చూస్తూ, "లేదు పెద్దత్తా, ఎవరూ అడగలేదు," అంది.

అక్క తలుపు దగ్గరికి వచ్చి, నన్ను కూడా బయటే ఉంచి తలుపు వేసింది. లోపల్నుంచి ఆమె గొంతు వినపడింది.

"ఐతే నాకు చెప్పు."